చివరి ఆయకట్టు

ముప్పై ఒక్క ఏండ్లు కేసీ కాలువ మీద
లస్కరు పని చేసినా.
చాపాడు పక్కన నా తూము,
నా చేతిలో షట్టరు తిప్పే ఇనుప పిడి.
ఏ మడికి ఎంత, ఏ రాత్రి ఎవరి వంతు,
నిద్రలో లేపి అడిగినా చెప్తా.

అట్లాంటోనికి
ప్రొద్దుటూరు డాక్టరమ్మ కాగితం చూపిచ్చి
"దస్తగిరీ, మూడువందల పద్నాలుగు" అనింది.
గేజీ రీడింగు అనుకుంటి.
"యాడి నీళ్లమ్మా ఇవి?" అంటి.

నవ్వింది. నువ్వు తినే బువ్వే, అనింది.
నోట్లో నములుతాంటేనే తీపికి తిరుగుతాదంట.
(సంగటి మింగేదే గానీ నమిలేది కాదు,
ఇన్నేండ్లూ నేను కనిపెట్టలే.)
చిన్నపేగు కాడికొచ్చేసరికి
గింజ ఇరిగి ఇరిగి చక్కెరై
పేగు గోడల నూగులోంచి నెత్తుట్లోకి ఊరుతాది.
మొదట కార్జం కాడ ఆగుతాది,
ఎగువన రిజర్వాయరు మాదిరి
అది రేపటికి కొంత దాచుకుంటాది.
మిగిలింది కాలువకు.

"మరి మళ్లకు?"

మళ్లకు మడవలుండాయి, మూసుకోని.
పొట్ట ఎనకాల చేరెడంత గ్రంథి.
ఆడినుంచి లస్కర్లు బయలుదేరి
మడవ మడవకూ పోయి తట్టి తీస్తారు.
ఇన్సులిన్ అంటారు వాళ్లను.

నా కొలువే నా కడుపులో
ఎవడో జీతం లేకుండా చేస్తాండాడని
అరవై నాలుగేండ్లకు తెలిసె.

"వాళ్లు అలిసిపోయినారు దస్తగిరీ,
తట్టినా మడవలు ఇనడంలే.
కాలువ పొర్లుతాంది, మళ్లు ఎండుతాండాయి.
అందుకే నీకంత దప్పి, అంత అలుపు."

అట్లాంటి ఏడాదొకటి నేను చూసినా.
నిండు కాలువ. షట్టరు తుప్పుబట్టి కూర్చునింది.
గంగన్న వరి పొట్ట మీద ఎండతాంటే
గట్టు మీద నిలబడి ఏడ్చినాడు.
నీళ్లు లేక ఏడ్చేటోళ్లు మా సీమలో కొత్తగాదు.
నీళ్లను చూస్తా ఏడ్చినోణ్ని
ఆ పొద్దే చూసినా.

ఇంట్లో ఇప్పుడు హుసేనమ్మే ఇంజనీరు.
గిద్దెడు కొర్రబువ్వ, గరిటెడు పప్పు,
ఊరుబిండి నాలిక్కి రాసుకునేంత.
ఒకనాడు గోళీ మింగి, తినకుండానే పండుకుంటి.
నడిరాత్రి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు,
ఆమె పేరు నోటికి రాలే.
మూడు నెల్లుగా తాళమేసి పెట్టిన బెల్లం
ఆ చేత్తోనే తెచ్చి నా నోట్లో కుక్కింది,
తిడతా, ఏడుస్తా.

మొన్న తుమ్మముల్లు దిగింది.
చెప్పుకు నెత్తురంటింటే ఆమె చూసింది.
నాకు తెలీలే.

మా కాలువ చివరన రైతులు
మొదట్లో పారలెత్తుకోనొచ్చి తిట్టిరి.
తర్వాత అర్జీలిచ్చిరి.
తర్వాత రావడమే మానేసిరి.
"గలాటా లేదు, బాగుండాది" అని సారు రాసుకునె.
అరిచేటోడు ఇంకా నమ్ముతాన్నట్టు,
అది సారుకు తెలీదు, నాకు తెలుసు.
కాలివేళ్లే నా చివరి ఆయకట్టు.
బొటనవేలు అరవడం మానేసి ఎన్నాళ్లయిందో.

డాక్టరమ్మ ఇంకొకటీ చెప్పింది:
నడిస్తే చాలు,
కండలు లస్కరు లేకున్నా మడవలు తీసుకుంటాయంట.
నాకు నవ్వొచ్చె.
రాత్రిపూట దొంగ మడవలు తీసినోళ్లమీద
ఎన్ని కేసులు రాయిచ్చినానో!

తెల్లారి నాలుగింటికి కట్ట మీద నడుస్తాండా ఇప్పుడు,
నా తూము కాడినుంచి కిందికి, ఊపిరి పట్టినంత దూరం.
దోచుకోండిరా పిక్కల్లారా,
ఈసారి ఎవరి పేరూ రాసుకోను.

డ్యూటీ టార్చిలైటు ఇంకా పని చేస్తాది.
పండుకునే ముందు హుసేనమ్మ నా పాదాల మీద వేసి
ఒక్కొక్క వేలే నొక్కుతాది.
"తెలుస్తాందా?"
"ఆఁ."
"ఇది?"
"కొంచెం."
చిటికెన వేలి కాడ నేను
సారు మాదిరి, "బాగుండాది" అంటా.

ఆమె టార్చి
నా మొగం మీదికి తిప్పుతాది.